తిన్నవాళ్లు కూడా

శనివారం వచ్చిందంటే మా చంగావేని రేవులో పడవ నడిపే కొంబోకి ఊపిరి సలపదు. వారమంతా బడిలో పాఠాలు చెప్పి, ఇసుకలో తాబేళ్ల గుడ్లకు కాపలా కాసి అలిసిపోయిన విదేశీ వాలంటీర్లకు ఆ రోజు సెలవు. సెలవంటే మనలాగా వసారాలో చాప పరుచుకుని పడుకోవడం కాదు వాళ్లకు. ఎక్కడికో వెళ్లాలి, ఏదో చూడాలి, చూసినదాన్ని ఫొటో తీయాలి. వాళ్లుండే ఇంటి బాగోగులు చూసే దామా పొద్దున్నే వాళ్లను నడిపించుకొచ్చి కొంబోకి అప్పజెప్పేది. సాయంత్రం ఎర్రగా కమిలిన ముఖాలతో, పాటలు పాడుకుంటూ పడవ దిగేవాళ్లు.

కొంబో పడవ పేరు తులియా. నిదానించు అని దాని అర్థం. ఆ పేరు పెట్టాల్సింది పడవకి కాదు, పడవవాడికి. మంచివాడే. దొంగబుద్ధి లేదు, తాగుడు లేదు, ఆలస్యంగానైనా నమాజుకి వస్తాడు. కానీ ఎవరైనా భేష్ అన్నారంటే ఒంటి మీది చొక్కా విప్పి ఇచ్చేసే రకం. అతిథి కంచంలో ఏదైనా తక్కువైతే తన పరువే పోయినట్టు గిలగిలలాడతాడు. ఈ రెండు గుణాలూ కలిసి ఒక శనివారం అతని కొంప ముంచాయి.

అప్పటికి మా పగడపు దిబ్బలో సగం మూసి ఉంది. మూయడమంటే గోడ కట్టడం కాదు. ఆక్టోపస్‌లు పట్టే ఆడవాళ్లంతా సంఘంగా కూర్చుని, కొన్ని నెలలపాటు అటువైపు ఎవరూ వేటాడకూడదని మాట అనుకోవడం. హద్దు తెలియడానికి తెల్ల డబ్బాలు తాళ్లకు కట్టి నీళ్ల మీద వదిలారు. ఆ డబ్బాలకు రంగు వేసింది వాలంటీర్లే. నెలలు గడిచి ఆక్టోపస్‌లు బలిశాక, సముద్రం బాగా వెనక్కి తీసిన ఒక పొద్దున ఊరంతా ఒకేసారి దిబ్బ మీదికి దిగుతుంది. మాకు అంతకంటే పెద్ద పండగ లేదు. ఈలోగా హద్దు దాటి ఒక్కదాన్ని పట్టినా సరే, ఆ పండగ నాడు వాళ్లను దిబ్బ మీద కాలు పెట్టనివ్వరు.

ఈ మూసివేతకు మొదట్లో అడ్డం తిరిగింది బి మసికా ఒక్కతే. ఊళ్లో ఆక్టోపస్ పట్టేవాళ్లలో అందరికంటే పెద్దది, అందుకే పేరు ముందు ఆ గౌరవపు ‘బి’. "అవి బలిసేదాకా నన్ను ఎండమంటారేంటే? నా గుంతలకు తాళం వెయ్యడానికి మీరెవరు?" అని సంఘం పెద్ద సలామా మీద ఇంతెత్తున లేచింది. లేచినా, ఒకసారి సరేనన్నాక మాట తప్పలేదు. ఆ నెలలన్నీ కర్రపెండలం ఉడకేసుకుని, ఇరుగుపొరుగు పెట్టింది తిని గడిపింది. వానలకు ఆమె ఇంటి కొబ్బరాకు కప్పు చిల్లులు పడి కారుతోంది. దిబ్బ తెరిచిన రోజు పట్టుబడినదాంతో కప్పు కొత్తగా నేయించుకుంటానని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ బి మసికా కొంబోకి పాలిచ్చిన తల్లి. అతను పుట్టినప్పుడు కన్నతల్లి జ్వరంతో పడిపోయింది. అదే నెలలో బిడ్డను పోగొట్టుకున్న మసికా అతన్ని ఒళ్లో వేసుకుంది. పాలు తాగినవాడు కొడుకే, మా దగ్గర అందులో రెండో మాట లేదు. అందుకే తన గుంతలు అతనికి చూపించింది. దిబ్బ మీద ఆక్టోపస్ కాపురముండే గుంతలు ఎవరివి వాళ్లకే తెలుస్తాయి. తల్లి కూతురికి చూపిస్తుంది, కూతురు తన కూతురికి. కూతుళ్లు లేని మసికా, వంకర బండ వెనకాల ఉన్న తన పెద్ద గుంతను ఈ కొడుక్కి చూపించింది. ఆ గుంత మూసిన భాగంలో ఉంది.

ఆ శనివారం దక్షిణపు గాలి ఒకటే విసురు. రెండు రోజులుగా ఎవరూ వలలు వెయ్యలేదు, రేవులో చేప లేదు. దిబ్బ పక్కనున్న ఇసుక తిన్నె మీద భోజనానికి కొబ్బరిపాల అన్నం, తోటకూర, మామిడికాయ ముక్కలు మాత్రమే తీసుకెళ్లారు. డాల్ఫిన్లు కూడా మొహం చాటేశాయి. వాలంటీర్లు ఏమీ అనలేదు. ఎవరూ చేప కావాలనలేదు, ఆక్టోపస్ కావాలనలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కొంబో దీన్ని మర్చిపోవడానికి తర్వాత చాలా ప్రయత్నించాడు.

అన్నం వెచ్చబడుతుంటే అతనికి కాళ్లు నిలవలేదు. పక్కనే నిలబడ్డ ఫెన్నా అనే వాలంటీరు పిల్లతో, "రా అమ్మా, నీకో చోటు చూపిస్తా," అన్నాడు. ఆ పిల్ల మా భాషను పుస్తకంలో నేర్చుకుంది, పుస్తకంలాగే మాట్లాడుతుంది. మోకాలి లోతు నీళ్లలో అతని వెనకే నడుస్తూ చుట్టూ చూసింది.

"ఇది మూసివేసిన భాగము కాదా, కొంబో?"

"అది అటుపక్కలే. ఇది ఒడ్డు కిందే లెక్క."

తెల్ల డబ్బా ఒకటి వాళ్ల వెనకాల తేలుతోంది. ఫెన్నా దాన్ని చూసింది. చూసి, ఈ ఊరివాడు కదా, తనకంటే బాగా తెలుసులే అనుకుంది.

వంకర బండ వెనక గుంత ముందు రాళ్లు దగ్గరగా పేర్చి ఉన్నాయి. లోపల చీకట్లో ఒక కన్ను. ఫెన్నా నోటి మీద చెయ్యి పెట్టుకుని అలా నిలబడిపోయింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఇసుక తిన్నె మీదివాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. కొంబో చేతిలో పడవలోని ఇనుప చువ్వ ఉంది. "మా అమ్మ ఎలా పడుతుందో చూడండి," అన్నాడు. రాళ్లు పక్కకు నెట్టి చువ్వ లోపలికి పోనిచ్చి, అది చువ్వను చుట్టుకోగానే ఒక్క గుంజు గుంజాడు. అంత పెద్దది అతను ఎన్నడూ చూడలేదు. మోచేయి దాకా అల్లుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. యోరిస్ అనే కుర్రాడు వరసగా ఫొటోలు తీశాడు.

చప్పట్లు ఆగాక కొంబో వంగి గుంతలోకి చూశాడు. పైకప్పు నుంచి తెల్లటి తీగలు వేలాడుతున్నాయి, దారానికి గుచ్చిన సగ్గుబియ్యంలా. గుడ్లు. గుడ్ల మీద కూర్చున్న తల్లి తిండి మానేసి, రాళ్లు అడ్డం పెట్టుకుని, అవి పిల్లలయ్యేదాకా అక్కడే ఉంటుంది. దిబ్బ తెరిచి ఉన్న రోజుల్లో కూడా అలాంటిదాన్ని మా ఊళ్లో ఎవరూ ముట్టుకోరు. రాళ్లు దగ్గరికి పేర్చి ఉండగానే అతనికి తెలియాల్సింది. తెలిసే ఉంటుంది కూడా. చుట్టూ అంతమంది నిలబడి చూస్తుంటే తెలిసింది చేతి దాకా రాలేదు.

రాళ్లు మళ్లీ ఎగదోసి వచ్చేశాడు. దాన్ని బండకేసి బాది, కొబ్బరిపాలలో నిమ్మకాయ పిండి వండాడు. అందరూ తిన్నారు. ఒక్క ముద్ద కూడా మింగుడు పడలేదని తర్వాత భార్యతో అన్నాడు గానీ, రెండోసారి వడ్డించుకుంటున్నట్టు యోరిస్ ఫొటోల్లో స్పష్టంగా ఉంది.

మిగిలింది గిన్నెలో ఇంటికి తెచ్చాడు. మెజుమాకి ఏడో నెల. వాసన చూసి ఆమె కళ్లు మెరిశాయి.

"ఎక్కడిదిది? మన దగ్గర దిబ్బ మూసేశారుగా?"

"షిమోని ఊరివాళ్ల పడవ ఎదురైతే తీసుకున్నా. తిను," అన్నాడు.

పడవను ఒడ్డెక్కించి కట్టేసి వచ్చేసరికి ఆమె తినేసి చేతులు కడుక్కుంటోంది. పొయ్యి దగ్గర ఉండాల్సిన నీలం అంచు గిన్నె లేదు.

"గిన్నేదే?"

"మసికా అత్తకి పంపించా. ఆ తల్లి నోట్లో ఏదైనా రుచైంది పడి ఎన్నాళ్లయిందో. మనమేం తిన్నా ఆమెకి పెట్టకుండా తిన్నామా ఎప్పుడైనా?"

కొంబో పీట మీద కూలబడ్డాడు. ఎండ తగిలిందేమోనని మెజుమా మంచినీళ్లు ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే బి మసికా ఇంటికి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో అతనికే తెలీదు. ఆ గిన్నె అక్కడ ఉండటం భరించలేకపోయాడు, అంతే. ఆమె గుమ్మంలో కూర్చుని కర్రపెండలం ఆకు దంచుకుంటోంది.

"గిన్నె కోసమా? ఇంకా సగం అందులోనే ఉంది, అప్పుడే తొందరేంట్రా? నీకు పాలిచ్చినప్పుడు నేను గిన్నె అడిగానా?" అని నవ్వింది. "ఖాళీ గిన్నె ఎలా పంపుతాను. దిబ్బ తెరవనీ, నిండుగా పంపుతా."

మా ఇళ్లలో వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లదు. ఏమీ లేనివాళ్లు చిటికెడు ఉప్పైనా వేస్తారు. బి మసికా చేతుల మీదుగా ఖాళీ గిన్నె అందుకున్నవాళ్లు ఊళ్లో లేరు.

"బలే పెద్దదిరా ఆ ఆక్టోపస్," అంది రోలు ఆపి. "షిమోనిలో అంత పెద్దవి ఎప్పటినుంచి దొరుకుతున్నాయి?"

"దొరుకుతున్నాయమ్మా. ఎప్పుడైనా," అన్నాడు కొంబో. ఆమె మళ్లీ దంచడం మొదలుపెట్టింది.

దిబ్బ తెరిచే రోజు దగ్గర పడ్డాక సలామా నలుగురిని వెంటేసుకుని చూసి రావడానికి వెళ్లింది. తిరిగొచ్చిన ఆడవాళ్ల ముఖాలు చూస్తేనే ఏదో జరిగిందని తెలిసిపోయింది. చేపలు తూచే పాకలో ఊరంతా చేరింది. వంకర బండ వెనక గుంత పాడైందని, రాళ్లు చిందరవందరగా ఉన్నాయని, గుడ్లు కుళ్లి నీళ్లలో తేలుతున్నాయని సలామా చెప్పింది. చెప్పి, ఇంకెవరి వైపూ చూడకుండా బి మసికా వైపు చూసింది.

"పెద్దమ్మా, అది నీ గుంత. నువ్వు చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదని నువ్వే గొప్పలు చెబుతావు."

"నా గుంతని నేనే పాడు చేసుకుంటానా? గుడ్ల మీదున్న తల్లిని తీస్తానా నేను?"

"ఆకలేస్తే ఏం చేస్తామో ఎవరికి తెలుసు," అని వెనక నుంచి ఒకావిడ అంది. "మూయొద్దని మొదట గొడవ చేసింది ఎవరు?"

"మొన్న వాళ్లింట్లోంచి కొబ్బరిపాల వాసన వచ్చింది, నేను చూశా," అని ఇంకొకామె.

"వాసనని చూశావా? నీ కళ్లు భలే కళ్లమ్మా," అంది మసికా. ఒకరిద్దరు నవ్వి, మళ్లీ మూతులు బిగించుకున్నారు. ఆ వాసన ఎవరు పంపిన గిన్నెదో ఆమె ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. పెట్టిన చేతిని నలుగురిలోకి లాగే మనిషి కాదు ఆమె.

కొంబో మగవాళ్ల మధ్య స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. లేవాలనుకున్నాడు. వాలంటీర్లు తన పడవ ఎక్కడానికి అనుమతి ఇచ్చేది ఈ సంఘమే. పుట్టబోయే బిడ్డ, పడవ, దామా ముఖం, యోరిస్ ఫొటోలు, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. ఇంకెవరైనా ఏదైనా అంటారేమో, దీనంతట అదే సర్దుకుంటుందేమో అని చూశాడు. నేరం చేసినవాళ్లంతా అలాగే చూస్తారు.

బి మసికా లేచి నిలబడి, ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డ కొంగు తల మీదికి లాక్కుంది.

"నా మాట మీద నమ్మకం లేదు కదా మీకు. సరే. హల్‌బదిరి చదివించండి," అంది.

హల్‌బదిరి అంటే ఆషామాషీ కాదు. ప్రవక్త కాలం నాటి బదర్ యుద్ధంలో నిలిచినవాళ్ల పేర్లు సాంబ్రాణి పొగలో ఒక్కొక్కటే చదివి, తప్పు చేసినవాడిని దేవుడికి అప్పజెప్పడం. కడుపు ఉబ్బి పోయినవాళ్లని, మతి తప్పినవాళ్లని మా పెద్దలు పేర్లతో సహా చెబుతారు. పోయిన వస్తువు రాత్రికి రాత్రే గుమ్మంలో ప్రత్యక్షమైన కథలూ ఉన్నాయి.

మాలిం గారు గడ్డం నిమురుకున్నారు. మసీదులో పిల్లలకు చదువు చెప్పే పెద్దాయన. "అది ఆటవస్తువు కాదు మసికా. దాని దారిలో ఎవరున్నారో అది చూడదు," అన్నారు.

"చూడక్కర్లేదు మాలిం గారూ. తీసినవాళ్లు, తిన్నవాళ్లు కూడా. ఇద్దరి మీదా చదవండి. నాలో మచ్చ ఉంటే నా మీదే పడనీయండి."

వచ్చే శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక చదవాలని నిర్ణయమైంది. అంతలోపు చేసినవాళ్లు ఒప్పుకుంటే చదవక్కర్లేదు. ఎవరూ ఒప్పుకోకపోతే, దిబ్బ తెరిచే రోజు బి మసికా ఒడ్డునే ఉండిపోవాలని సలామా చెప్పింది.

ఆ వారం కొంబో ఎలా బతికాడో చూసినవాళ్లకు తెలుసు. నూతి దగ్గర ఆడవాళ్లు బి మసికా రాగానే బిందెలు జరుపుకునేవాళ్లు. దిబ్బ మీదికి జతగా వెళ్లాలి, ఒకరు పొడుస్తుంటే ఒకరు సంచి పట్టుకోవాలి. ఎన్నో ఏళ్లుగా ఆమెకు జతగా వెళ్లే మనిషి ఈసారి కోడలితో వెళుతున్నానని కబురు పంపింది. ఇవన్నీ కొంబో చూశాడు. చూసి, ఆమెకు చేపలు పట్టుకెళ్లి ఇచ్చాడు, నీళ్లు మోశాడు, కారే కప్పు మీద పాత తెరచాప గుడ్డ కప్పాడు. తప్పు చేసిన చేతులకు ఎక్కడలేని ఓపిక వస్తుంది. "నువ్వొక్కడివే నన్ను నమ్మావురా," అంది ఆమె. అతను ఇంకో బిందె తీసుకుని మళ్లీ నూతికి వెళ్లాడు.

మధ్యలో శనివారం కూడా వచ్చింది. ఇసుక తిన్నెకి వెళదామని దామా అంటే, గాలి బాగాలేదని మడ అడవుల వైపు తిప్పాడు. కొంగలను చూపించాడు, పీతలను చూపించాడు. పాటలు పాడలేదు. తిరిగొస్తుంటే ఫెన్నా పక్కన కూర్చుంది.

"ఆ దినమున తిన్న ఆక్టోపస్ మిక్కిలి రుచిగా ఉండెను. మా అమ్మకు కూడా వ్రాసితిని. మరల దొరకునా?"

"దొరకదమ్మా," అన్నాడు కొంబో.

గురువారం మధ్యాహ్నం మెజుమా పుట్టబోయే బిడ్డకు చిన్న టోపీ కుడుతూ, ఎవరి పాపమో గానీ రేపటితో తేలిపోతుందిలే అంది. అతను ఆ మాట భరించలేక మొత్తం చెప్పేశాడు. గుంత, చువ్వ, చప్పట్లు, గుడ్లు, అన్నీ. మెజుమా సూది గుడ్డలోనే గుచ్చి ఉంచింది. తర్వాత చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"నేను తిన్నాను," అంది.

"తెలుసు."

"నాకు చేతులారా పెట్టావు. అత్త కూడా తింది. తన మీద తనే శాపం పెట్టించుకోబోతోంది ఆ పిచ్చితల్లి, తెలుస్తోందా నీకు?"

"మాలిం గారికి చెప్పేస్తా మెజుమా. ఇప్పుడే."

"ఆయనకి చెప్పి ఏం చేస్తావు? చెవిలో చెప్పొస్తావా? నలుగురిలో ఆమె ముఖాన పడింది బురద. నలుగురిలోనే కడుగు." తర్వాత గొంతు తగ్గించి, "పడవ పోతే పోనీ. నేను కొబ్బరి పీచు నేస్తా," అంది.

అయినా అతను ముందు మాలిం గారి దగ్గరికే వెళ్లాడు. మనిషి కదా, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని వెతుకుతాడు. మాలిం గారు అంతా విని కళ్లు మూసుకున్నారు.

"నాకు చెప్పావు కాబట్టి నేను చదవను. ఎవరో ఒప్పుకున్నారని చెప్పి ఆపేస్తాను. నీ పేరు నా నోటి వెంట రాదు."

"మరి అమ్మ?"

"ఒప్పుకున్నది ఆమేనని అనుకుంటారు. దానికి నేనేం చెయ్యగలను నాయనా."

కొంబో ఆ సందులో దూరలేకపోయాడు. మర్నాడు పాకలో లేచి నిలబడతానని మాలిం గారికి మాటిచ్చాడు.

శుక్రవారం పాక కిటకిటలాడింది. ఒక పక్క చాప మీద, తలలకు కాంగాలు కప్పుకుని వాలంటీర్లు కూడా ఉన్నారు. మధ్యాహ్నం నుంచి వాళ్లకు తీరిక, ఊరి ఆచారం చూస్తామంటే దామా తీసుకొచ్చింది. మనుషుల మీద పిడుగు పడుతున్నా దాన్ని కూడా చూసొచ్చే జాబితాలో వేసుకుంటారు వాళ్లు. అయినా వాళ్లననేదేముంది, తలుపు తీసింది మేమే. ఫెన్నా కొంబోను చూసి చెయ్యి ఊపింది.

మట్టి మూకుట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేశారు. మాలిం గారు పుస్తకం తెరవలేదు. ఊరికే కూర్చుని కొంబో వైపు చూశారు. కొంబో లేవలేదు. పక్కనున్నవాడు పొగకి దగ్గుతున్నాడు. అప్పుడు బి మసికా, ఎవరూ అడక్కుండానే, రెండు చేతులూ చాచి మొదలుపెట్టింది.

"దేవుడా, నా గుంతలోని తల్లిని తీసినవాళ్ల కడుపు..."

"అమ్మా, ఆగు," అన్నాడు కొంబో. నిలబడ్డాడో, ఎవరైనా లేపారో అతనికి తెలీదు. "అనకు. నేనే తీశాను. వాలంటీర్లని తీసుకెళ్లిన రోజు. వాళ్లు అడగలేదు, నేనే చూపించాను. మూసిన చోటు కాదని ఆ పిల్లకి అబద్ధం చెప్పాను. గుడ్లు తర్వాత చూశాను. అందరం తిన్నాం." ఆగి, మిగిలింది కూడా చెప్పాడు. "నీకొచ్చిన గిన్నెలోది అదే."

బి మసికా చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత ఒక్కో చెయ్యీ ఒళ్లోకి దించుకుంది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. సలామా తల కొట్టుకుంది. "ఈ సన్నాసి కోసమా మనం పెద్దమ్మని ఇన్ని మాటలన్నది," అని ఏడ్చింది. దామా వాలంటీర్లకు మెల్లగా విడమరిచి చెప్పింది. చెబుతున్నకొద్దీ ఫెన్నా ముఖం పాలిపోయింది. లేచి, "మేము కూడా భుజించితిమి. డబ్బాను నేను చూచితిని," అంది. ఎవరూ నవ్వలేదు.

సంఘం తీర్పుకి ఎక్కువసేపు పట్టలేదు. దిబ్బ తెరిచే రోజు కొంబో ఒడ్డునే ఉండాలి. మళ్లీ మూసి మళ్లీ తెరిచేదాకా అతని పడవ దిబ్బ దరిదాపుల్లోకి ఎవరినీ తీసుకెళ్లకూడదు. దామా తల వంచుకుని ఒప్పుకుంది. అంతకంటే పెద్ద శిక్ష పడుతుందని అతను అనుకున్నాడు. నిజానికి గుండె మీంచి బండ దిగినట్టే ఉంది. సలామా బి మసికా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"తప్పైపోయింది పెద్దమ్మా. ఈసారి నువ్వే అందరికంటే ముందు దిగాలి. నీ సంచి నేను పట్టుకుంటా."

"నేను దిగనే," అంది మసికా.

"అదేంటి? నువ్వేం తప్పు చేశావని?"

"తిన్నవాళ్లు కూడా అన్నాను. నా నోటితోనే అన్నాను. తిన్నాను."

"నీకు తెలీదు కదా పెద్దమ్మా."

"నాలిక్కి తెలుసు. షిమోనిది కాదని మొదటి ముద్దకే తెలిసింది. వీణ్ని అడిగాను. దొరుకుతున్నాయమ్మా అన్నాడు." ఆమె కొంబో వైపు చూడలేదు. "పాలు తాగినవాడు నాతో అబద్ధమాడతాడా అని నాలికనే తిట్టుకుని మిగతాది తిన్నాను."

మాలిం గారు నచ్చజెప్పారు, సలామా కాళ్లు పట్టుకుంది, మెజుమా ఏడ్చింది. ఆమె మాట కదల్లేదు. కర్ర అందుకుని ఇంటికి వెళ్లిపోయింది. కొంబో వెనకాల రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమె అతన్ని తిట్టి ఉంటే, కర్రతో ఒకటి వేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటాడు.

దిబ్బ తెరిచిన రోజు తెల్లారేసరికి సముద్రం ఎక్కడికో వెళ్లిపోయి దిబ్బ మొత్తం బయటపడింది. ఆడవాళ్లు కాంగాలు పైకి దోపుకుని, చువ్వలు, సంచులు పట్టుకుని అరుచుకుంటూ దిగారు. బలిసిన ఆక్టోపస్‌లు ఒక్కొక్కటీ పైకి లేస్తుంటే ఒడ్డున పిల్లలు గంతులేశారు. వాలంటీర్లు ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చారు. ఫెన్నా మాత్రం ఫొటోలు తియ్యలేదు, చేపల పాకలో కూర్చుని వచ్చినవాటిని కడిగింది.

కొంబో కట్టేసిన పడవ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. అక్కడి నుంచి బి మసికా ఇల్లు కనిపిస్తుంది. ఆమె గుమ్మంలో, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. ఇంటి మీద అతను కప్పిన పాత తెరచాప గుడ్డ లేదు. ఎప్పుడు తీసేసిందో మడతపెట్టి కంచె మీద వేసి ఉంది. కప్పుకి చిల్లులు ఎక్కడెక్కడున్నాయో అంత దూరం నుంచీ తెలుస్తోంది. సలామా తన వాటాలోంచి పెద్దది ఒకటి పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టింది, కాసేపు నిలబడి మళ్లీ దాన్ని తీసుకునే వచ్చింది.

ఎండెక్కాక కొంబో ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో నీలం అంచు గిన్నె ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో మెజుమా చూడలేదట. ఇసుకతో తోమి, శుభ్రంగా కడిగి, బోర్లించి పెట్టారు. మెజుమా దాన్ని తిప్పి లోపల చూసింది. వేలితో అడుగంతా తడిమింది. చిటికెడు ఉప్పైనా ఉంటుందేమోనని ఆ వేలు నాలిక మీద పెట్టుకుని చూసింది.

"ఏమీ లేదు," అంది.

లోపల పెట్టనా అని అడిగింది. కొంబో గిన్నె అందుకుని, దాన్ని ఎక్కడ దించాలో తెలియక, ఆ గుమ్మంలోనే పట్టుకుని నిలబడ్డాడు.